వెనక బ్రేకులు నేనే బిగించాను

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అత్త వీధి వీధంతా చెప్పుకునేది. అబద్ధం కాదు. కానీ ఆ కోపమే లేకపోయుంటే మా అంబాసిడర్ కారు ఆ ఏడాదే పాత ఇనుప సామాన్ల అంగడికి పోయేది. మా బావ మళ్ళీ ఎవరింట్లోనో మగ్గం గుంటలో కాళ్ళు దించుకుని కూలికి నేసేవాడు. అందుకే నా కోపాన్ని నేను ఏనాడూ తిట్టుకోలేదు.

బావ అంటే నా మొగుడే. మేనత్త కొడుకు. పెళ్ళికి ముందు పిలిచిన పిలుపే పెళ్ళయ్యాక కూడా నాలుక మీద నిలిచిపోయింది. మాది తిరుత్తణి. తాతల కాలం నుంచి నేత పనే. బావకి మాత్రం చిన్నప్పటి నుంచి చక్రాల పిచ్చి. ఉన్న రెండు మగ్గాలూ అమ్మి, నా గాజులు కూడా కలిపి, ఎవరో వాడి వాడి వదిలేసిన కారొకటి కొన్నాడు. స్టేషన్ ముందర నిలిపి బాడుగకు తిప్పేవాడు. ఎనభైల మొదటి సంవత్సరాలవి. కొండ మీద గుడికి వచ్చే జనం పుణ్యమా అని ఇల్లు గడిచిపోయేది.

బాడుగ కారు ఏడాదికోసారి తిరువళ్ళూరుకు పోయి పరీక్షకు నిలబడాలి. ఆ పరీక్ష పెట్టే ఆఫీసరును మా వైపు అందరూ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అనే అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. లైటు వెలగకపోతే ఓ మాట అని వదిలేస్తాడేమో గానీ బ్రేకు పట్టకపోతే దేవుడు దిగొచ్చినా వదలడు. ఆ ఏడాది మా కారు మొదటిసారి పోయినప్పుడు, ఆయన ఆపమన్న గీత దాటి ఓ బారెడు దూరం పోయి నిలబడింది. వెనక బ్రేకులు పూర్తిగా అరిగిపోయాయన్నాడు. రెండు వారాలు గడువిచ్చాడు. ఈసారి కూడా పట్టకపోతే బండి ఇక రోడ్డెక్కదని మొహమాటం లేకుండా చెప్పేశాడు.

ఆ రెండు వారాల్లో మొదటి వారం బావ చెయ్యి కాల్చుకోవడానికే సరిపోయింది. ఇంజను వేడిగా ఉండగానే రేడియేటర్ మూత తిప్పాడు. సలసలా కాగే నీళ్ళు కుడి అరచేతి మీదికి చిమ్మాయి. చెయ్యంతా బొబ్బలు. ఆస్పత్రిలో వేళ్ళన్నీ కలిపి తెల్లగా కట్టు కట్టి పంపారు. ఆ చేత్తో అన్నం కూడా కలుపుకోలేడు, ఇక స్పానరేం పట్టుకుంటాడు?

నొప్పి కాస్త తగ్గి, షెడ్డులో చేయిద్దామని పోయేసరికి గడువుకి రెండు రోజులే మిగిలాయి. కొండ మీద ఆడికృత్తిక పండుగ దగ్గర పడింది. కావళ్ళు మోసే జనాన్ని తెచ్చే వ్యాన్లూ బస్సులూ షెడ్డు బయట రోడ్డు దాకా నిలబడి ఉన్నాయట. వారం దాకా కుదరదన్నాడట మెకానిక్కు. వారమంటే మా గడువు దాటిపోతుంది. బావ బతిమాలాడట. ఇంటికొచ్చి చెప్పులు విసిరేసి, గడప మీద కూర్చుని చెప్పాడు.

"అంత తొందరైతే నీ పెండ్లాంతో బిగించుకో పో అంటాడే వాడు! అక్కడుండే వాళ్ళంతా పండ్లు బయటపెట్టి నవ్వినారు."

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికెవతో. నాకు కూడా అట్లాగే అయింది. కుదరదన్నాడంటే కుదరదు, వాడి పని వాడిది. కానీ ఆ నవ్వు తల్చుకుంటే అరికాలి మంట నెత్తికెక్కింది.

"సామాను కొనక్కరా పో. నేనే బిగిస్తా" అన్నాను.

"పిచ్చి పట్టిందా నీకు? అది బ్రేకు మే. చీర అంచు కాదు."

"అంచు అంత సులభమా? మీ నాయన జాకార్డు పెట్టె చెడిపోతే ఎవరు విప్పినారు? అన్ని సూదులు తీసి మళ్ళా ఎక్కించిందెవరు? నువ్వు అప్పుడు స్టేషన్లో కార్లు తుడుస్తా ఉండావు."

జాకార్డు పెట్టె అంటే మగ్గం నెత్తిన కూర్చుని చీర అంచుకి పూలు దింపేది. దాన్ని విప్పి బిగించిన చేతులు నావి. పదేళ్ళ వయసు నుంచి తెగిన దారం ముడి వేసిన వేళ్ళు. ఇనుము చూస్తే భయమెందుకు? వేరే దారి లేదని బావకీ తెలుసు. మర్నాడు పొద్దున్నే పోయి వెనక చక్రాలకు కావలసిన నాలుగు బ్రేకు షూలూ కొనుక్కొచ్చాడు. కొడవలి వంపున్న ఇనప ముక్క, దాని మీద రివెట్లతో బిగించిన మందపాటి గరుకు పట్టీ, అదే లైనింగు. చక్రంతో పాటు తిరిగే డ్రమ్ము లోపల ఈ షూలు రెండేసి ఉంటాయి. పెడలు తొక్కితే విచ్చుకుని డ్రమ్మును లోపల్నించి గట్టిగా పట్టుకుంటాయి. బావ ఇంతకంటే పెద్దగా పాఠమేమీ చెప్పలేదు. నాకూ అక్కర్లేకపోయింది.

ఇంటి ముందర వేపచెట్టు నీడలో కారు నిలిపాం. పరీక్ష మర్నాడే. చేతిలో ఉన్నది ఒక్క పగలు.

మొదటి తగవు అత్తతో వచ్చింది. కారు దొర్లకుండా ముందు చక్రానికి ఏదైనా బరువు అడ్డం పెట్టమన్నాడు బావ. నేను పోయి రుబ్బురోలు పొత్రం దొర్లించుకొచ్చాను.

"పిండి రుబ్బే పొత్రాన్ని చక్రం కింద పెడతావా పాపిష్టిదానా! రేప్పొద్దున దోసెల్లో టైరు వాసన రాదా?"

"కారు దొర్లి నీ కొడుకు కాలి మీదికొస్తే దోసెలు తినేదానికి మనిషుండాల కదా అత్తా!"

అత్త గొణుక్కుంటూ లోపలికి పోయి పాత గోనె తెచ్చి పొత్రానికి చుట్టి ఇచ్చింది. ఎంత తిట్టినా చెయ్యి మాత్రం సాయానికే వచ్చేది ఆవిడది.

రెండో తగవు బావతోనే. జాకీ పెట్టి చక్రం పైకి లేపాక నట్లు విప్పబోతే చక్రం గిర్రున తిరుగుతుంది, నట్టు కదలదు. కింద ఆని ఉన్నప్పుడే నట్లు ఒదులు చెయ్యాలని అప్పుడు చెప్పాడు మహానుభావుడు.

"ముందే చెప్పేదానికి నోరు కాలిందా? కాలింది చెయ్యి కదా!" అన్నాను.

మళ్ళీ జాకీ దించి, నట్లు ఒదులు చేసి, మళ్ళీ ఎత్తాను. ఆ తర్వాత ఆయన ప్రతిదీ రెండుసార్లు చెప్పడం మొదలుపెట్టాడు. అది ఇంకా విసుగు.

చక్రం ఊడింది. డ్రమ్ము రాలేదు. ఏళ్ళ తరబడి పట్టిన తుప్పు. మగ్గం పనికి వాడే కొయ్య సుత్తి తెచ్చి చుట్టూ చిన్నగా తట్టాను. ఇనప సుత్తితో కొడితే పగులుతుందన్నాడు బావ, రెండుసార్లూ అన్నాడు. తట్టగా తట్టగా అది ఓ నిట్టూర్పు విడిచి చేతిలోకి వచ్చింది. లోపల్నించి నల్లటి పొడి ముఖాన కొట్టింది. దగ్గుతూ చూశాను కదా, పాత లైనింగు అరిగి అరిగి కాగితమంత అయి ఉంది. రివెట్ల తలలు బయటపడి డ్రమ్మును గీరేశాయి. ఇన్నాళ్ళూ జనాన్ని కొండెక్కించి దించిన బ్రేకు ఇదేనా అని ఒళ్ళు జలదరించింది. మా బావ ప్రాణం రోజూ ఇంత సన్నటి దాని మీద నడుస్తోందని అప్పటిదాకా నాకు తెలియదు.

ఈలోపు వీధిలో ఆడవాళ్ళు ఒక్కొక్కరే చేరారు. ఒకావిడ బిందె చంక నుంచి దించకుండానే, "మగోళ్ళ పని ఆడది చేస్తే బండి నిలుస్తాదా?" అంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకో! "నిలవకపోతే మీ ఇంటి గోడకే గుద్దుతాంలే, చూస్తా ఉండు" అన్నాను. ఆవిడ బిందెతో సహా మాయమైంది.

ఒక పక్క విప్పినప్పుడు రెండో పక్క ముట్టుకోకూడదన్నాడు బావ. ఏ స్ప్రింగు ఎక్కడుందో మర్చిపోతే రెండోది చూసి సరిచేసుకోవచ్చట. ఆ రోజు ఆయన చెప్పిన మంచి మాటల్లో అది ఒకటి. స్ప్రింగులు మాత్రం నా పాలిట శనిలా దాపురించాయి. ఒక కొన తగిలిస్తే ఇంకో కొన అందదు. పటకారుతో లాగితే జారి టింగుమని ఎగిరి పడుతుంది. ఒకసారి ఎగిరి బావ కణతను రాసుకుంటూ పోయింది. కట్టు కట్టిన చెయ్యి ఊపుతూ అరిచాడు.

"చెయ్యి పోయింది, కన్ను కూడా తియ్యాలనుండాదా నీకు?"

అప్పుడు తట్టింది నాకు. లోపలికి పోయి అప్పట్లో మగ్గానికి కట్టిన పురి తాడు ముక్క తెచ్చాను. స్ప్రింగు కొక్కేనికి ఉచ్చు వేసి, తాడు చేతికి రెండు చుట్లు చుట్టుకుని, కాలు తన్నిపెట్టి లాగాను. కొక్కెం దాని చిల్లు దాకా వచ్చి బుద్ధిగా దూరింది. తాడు తీసేశాను. షెడ్డులో పటకార్లతో అరగంట కుస్తీ పట్టే పనట అది. "ఇంకోసారి చెయ్యి, చూస్తా" అన్నాడు. చేసి చూపించాను. ఆ తాడు ముక్క ఆ రోజు నాకు వడ్డాణం కంటే ఎక్కువ.

కానీ అవి చెయ్యి తిరగడానికి పాత షూలతోనే చేసిన ప్రయత్నాలు. కొత్తవి ఎక్కించే ముందు బ్రేకు గొట్టంలోని రబ్బరు వాషర్లు కూడా మార్చాలి, దానికి బ్రేకు ఆయిలు సీసా కావాలి. బావ సైకిల్ మీద ఒంటి చేత్తో బజారుకు పోయాడు. నేనొక్కదాన్నే మిగిలాను.

ఇప్పుడు చెప్పేది ఇన్నేళ్ళు ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

నేసేవాళ్ళ ఇంట్లో కొత్త పనిముట్టు ఏది వచ్చినా ఊరికే పనిలోకి దించరు. మగ్గంలో దారం మోసుకుని అటూ ఇటూ పరిగెత్తే కొయ్య నాడె ఉంటుంది కదా, కొత్త నాడె కొంటే దానికి పసుపూ కుంకుమా పెట్టి, ఆముదం పట్టించి, నూనె తాగేదాకా పక్కన పెడతారు. తాగని నాడె దారం తెంపుతుంది. నూనె తాగని పనిముట్టు అన్నం పెట్టదని మా నాయన మాట. కత్తెరకి, రాట్నానికి, చివరికి కొత్త తలుపు గడియకి కూడా మా ఇంట్లో మొదటి రోజు ఆముదమే. అది మాకు పూజతో సమానం.

నాలుగు కొత్త షూలూ చేటలో పేర్చి, బొట్లు పెట్టాను. సామీ, ఈ బండి నిలిచేటట్టు చూడు అని కొండ వైపు తిరిగి దణ్ణం పెట్టుకున్నాను. ఆముదం సీసా తెచ్చి, ఒక్కొక్క లైనింగు మీదా వేళ్ళతో నిండుగా పట్టించాను. పొడిగా గరుకుగా ఉన్నాయి, ఎంత పోస్తే అంత తాగాయి. చేతులు జారకుండా పైన మిగిలింది గుడ్డతో తుడిచేశాను. బావ వచ్చేసరికి అవి మెరవకుండా మామూలుగా కూర్చున్నాయి. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. చెప్పేదేముంది? అన్నం తినే ముందు చెయ్యి కడుక్కున్నానని ఎవరైనా చెబుతారా?

మధ్యాహ్నానికల్లా రెండు పక్కలా బిగించేశాను. చివర్లో గొట్టంలోని గాలి తియ్యాలి. బావ లోపల కూర్చుని పెడలు తొక్కుతాడు. నేను చక్రం వెనక పడుకుని చిన్న మర ఒదులు చేస్తే బుడగలతో ఆయిలు వస్తుంది. "తొక్కు!" "తొక్కినా!" "పట్టు!" "పట్టినా!" "ఇంక వదులు!" అని మేమిద్దరం అరుస్తుంటే, ఏదో తగవనుకుని పక్కింటాయన గోడ మీంచి తొంగి చూశాడు. బుడగలు ఆగిపోయాయి. నట్లన్నీ బిగించి లేచి నిలబడ్డాను. చేతులు మోచేతుల దాకా నలుపు. నడుము పడిపోయింది. కానీ ఏమి గర్వం! వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచి చూపించాలనిపించింది.

ఇల్లలకగానే పండుగ కాదని పెద్దలు ఊరికే అనలేదు.

కొండ మీదికి కార్లు పోయే దారిలో ఒకసారి పరీక్ష చేద్దామన్నాడు బావ. ఎడమ చేత్తో స్టీరింగు తిప్పుతూ, గేరు మార్చేటప్పుడు స్టీరింగుకి కుడి మణికట్టు ఆనించి, మెల్లగా పోనిచ్చాడు. నేను పక్కన మహారాణిలా కూర్చున్నాను. మలుపు దగ్గర కావళ్ళు మోసుకుని ఓ గుంపు రోడ్డు దాటుతోంది. బావ ఆపాడు. హ్యాండ్ బ్రేకు లాగి, పెడలు మీంచి కాలు తీశాడు. హ్యాండ్ బ్రేకు పట్టుకునేది వెనక చక్రాలనే.

కారు వెనక్కి దొర్లింది.

వెనక ఓ వ్యాను హారను మోత మోగించింది. గుంపులో ఎవరో "అయ్యయ్యో" అని కేక పెట్టారు. బావ గబుక్కున పెడలు తొక్కాడు. ముందు బ్రేకులు పట్టి కారు కుదుపుతో ఆగింది. నా గుండె మాత్రం వ్యాను దాకా పోయి వచ్చింది. మళ్ళీ లాగాడు. మళ్ళీ దొర్లింది. బావ మొహం పాలిపోయింది. ఎలాగో పైకెక్కించి, మళ్ళీ కిందికి తెచ్చి, రోడ్డు పక్కన చదునుగా ఉన్న చోట నిలిపాడు. అప్పటికి వెనక నుంచి సన్నగా పొగ, దాంతో పాటు వాసన.

"ఏందిది? ఎవరో దీపం ఆర్పినట్టు వాసన వస్తాంది" అన్నాడు బావ.

నాకు ఆ వాసన తెలుసు. పుట్టినప్పటి నుంచి తెలుసు.

"బావా, అది ఆముదం."

"ఆముదమా? కార్లో ఆముదం యాడిది?"

"నేనే పట్టించినా. నాలుగు షూలకీ."

ఆయన నా వంక చూశాడు. "బ్రేకుకి నూనె పూసినావా" అని మెల్లగా అన్నాడు. తర్వాత ఇంకోసారి, తనకు తనే చెప్పుకున్నట్టు, "బ్రేకుకి!" అన్నాడు. పట్టుకోవలసిన దానికి జారే గుణం నేర్పానని అప్పుడు నా బుర్రకెక్కింది. పొద్దుట్నించి ఆయన్ని ఎన్ని మాటలన్నాను! నట్లు ముందు చెప్పలేదని, రెండుసార్లు చెప్పాడని. నా తప్పు ముందర అవెంత? ఏడుపొచ్చేసింది. సిగ్గు లేకుండా రోడ్డు పక్కన కూర్చుని ఏడ్చాను. మగ్గాలు పోయాయి, గాజులు పోయాయి, ఇప్పుడు కారు కూడా నా చేతి మీదుగానే పోతుందని ఏడ్చాను.

తిడతాడనుకున్నాను. బావ పక్కన కూర్చుని ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వీ నవ్వీ కళ్ళ నీళ్ళు కట్టుతో తుడుచుకున్నాడు. "మీ నాయన ఉండుంటే బోనెట్టుకి కూడా పూసుండేవాడు" అన్నాడు. ఆ నవ్వుకి నాకు కోపం వచ్చింది. కోపం వచ్చాక ఏడుపు ఆగింది. మీకు ముందే చెప్పాను, నా కోపం మంచిదని.

"ఎండ ఇంకా ఉండాది. లే! నూనె పోసిన చేతులే తీస్తాయి" అన్నాను.

ఇంటికొచ్చి మళ్ళీ పొత్రం, మళ్ళీ జాకీ. ఈసారి నట్లు ముందే ఒదులు చేశాను. పొద్దున రెండు గంటలు పట్టిన పని ముక్కాలు గంటలో అయిపోయింది. షూలు బయటికి తీసి పెట్రోలుతో కడిగి, ఆరేదాకా ఎండలో పెట్టాను. పైన పోయింది గానీ లోపల తాగిన నూనె అట్లాగే ఉంది. వేడి చేస్తే బయటికొస్తుందన్నాడు బావ. వేడికి ఏముంది ఇంట్లో? దోసె పెనం ఉంది.

అత్త పొయ్యి ముందర రెండు చేతులూ చాచి అడ్డం నిలబడింది.

"పొత్రం ఇస్తిని. ఇప్పుడు పెనం కూడానా? ఇంక నన్ను కూడా ఆ డ్రమ్ములో పెట్టి బిగించండి!"

"అత్తా, ఈ నాలుగూ ఎండిపోతే నీ కొడుకు కారు నిలుస్తాది. లేకుంటే రేపట్నించి ఆ పెనం మీద పోసేదానికి పిండే ఉండదు."

అత్త పక్కకు జరిగి, తనే పెనం పొయ్యి మీద పెట్టింది. నాలుగు షూలు పెనం మీద పెడితే కాసేపటికి నూనె చెమటలా పైకి తేలింది. నేను గుడ్డతో అద్దడం, అత్త పటకారుతో తిరగెయ్యడం. వంటిల్లంతా పొగ. దగ్గుతూ, తిడుతూ, ముక్కుకి కొంగు కట్టుకుని, ఆ ముసలావిడ అట్లనే కూర్చుంది. చెమట ఆగిపోయాక ఉప్పుకాగితం పెట్టి లైనింగు పైపొర పోయి కొత్త గరుకు తేలేదాకా రుద్దాను. డ్రమ్ముల లోపల కూడా రుద్దాను. వేళ్ళ చివర్లు చిట్లి రక్తం వచ్చింది. వేలితో తాకి, వాసన చూసి, నాలుకతో కూడా చూశాను. ఆముదం లేదు.

మళ్ళీ బిగించాను. వెనక ఉన్న చదరపు మర తిప్పితే టిక్కు టిక్కుమంటూ షూలు డ్రమ్ముకు దగ్గరవుతాయి. చక్రం కదలకుండా పట్టుకునేదాకా తిప్పి, తర్వాత రెండు మూడు టిక్కులు వెనక్కి రావాలి. చెవి ఆనించి విన్నాను. రాసుకునే చప్పుడు ఏమాత్రం ఉన్నా మళ్ళీ తిప్పాను. దీపాలు పెట్టే వేళకి కొండ దారిలో అదే మలుపు దగ్గర హ్యాండ్ బ్రేకు లాగితే కారు బండలా నిలబడింది. నేను దిగి ముందు నుంచి భుజం పెట్టి తోశాను కూడా. వెంట్రుకవాసి కదల్లేదు.

మర్నాడు పొద్దున పట్టుచీర కట్టుకుని బయల్దేరాను. ఎందుకు పట్టుచీర అంటే నాకూ తెలియదు. తిరువళ్ళూరు దగ్గర పడ్డాక బావ గొంతు సవరించుకున్నాడు.

"ఎవరన్నా అడిగితే షెడ్డులో చేయించినాం అని చెప్తా. నువ్వేం మాట్లాడొద్దు. ఆడది బిగించినాదంటే చూడకుండానే పొమ్మంటారు."

ఒళ్ళు మండిపోయింది. నా గోళ్ళలో నలుపు ఇంకా పోలేదు, అప్పుడే నా పని ఎవడో షెడ్డువాడిదైపోయింది. కానీ ఆయన చెప్పింది నిజమే కావచ్చు. కారు నిలవడమే ముఖ్యం. పళ్ళు బిగబట్టుకుని ఊరుకున్నాను. నా బతుకులో నేను ఊరుకున్న సందర్భాలు తక్కువ.

మైదానంలో వరసగా కార్లూ వ్యాన్లూ. డ్రైవర్లందరూ బీడీలు ఆర్పి నిలబడ్డారు. ఇన్‌స్పెక్టర్ బావ చేతి కట్టు చూసి, తనే స్టీరింగు ముందు కూర్చున్నాడు. కారు దూరంగా పోయి తిరిగి వేగంగా మా వైపు వచ్చింది. గీత దగ్గర ఒక్క తొక్కు తొక్కాడాయన. టైర్లు కీచుమన్నాయి. కారు గీతకి మూర ఇవతలే నిలబడిపోయింది. దుమ్ము తగ్గాక చూస్తే నేల మీద వెనక చక్రాలవి రెండు నల్లటి చారలు, ఒకదాని పొడవే ఇంకొకటి. అంచు నేసేటప్పుడు కూడా అంత సమానంగా నాకెప్పుడూ కుదరలేదు.

ఆయన ఊరుకోలేదు. గట్టు మీదికెక్కే ఏటవాలులో నిలిపి, హ్యాండ్ బ్రేకు లాగి, దిగి దూరంగా వచ్చి నిలబడ్డాడు. కారు నిలబడింది. ఇద్దరు మనుషుల్ని పిలిచి తోయించాడు. నిలబడింది. ఇన్‌స్పెక్టర్ బావ వైపు తిరిగి "ఎంద షెడ్?" అన్నాడు అరవంలో, ఏ షెడ్డులో చేయించావని.

నేను నేల చూపులు చూస్తూ నిలబడ్డాను. బావ నోరు తెరిచాడు. ఒక్క క్షణం నా వైపు చూశాడు, నా చేతుల వైపు చూశాడు.

"షెడ్ ఇల్లే సార్. ఎన్ సంసారం" అన్నాడు. షెడ్డు కాదు, నా ఇల్లాలు అని.

డ్రైవర్లంతా గొల్లుమన్నారు. ఎవరో ఈల కూడా వేశాడు. ఇన్‌స్పెక్టర్ నవ్వలేదు. నన్ను దగ్గరికి రమ్మని, చివర్లో మర ఎన్ని టిక్కులు వెనక్కి తిప్పావమ్మా అని అడిగాడు.

అరవంలోనే చెప్పాను. "కుడి చక్రానికి రెండు. ఎడమదానికి మూడు. ఎడమ డ్రమ్ము గుండ్రం కొంచెం తప్పిపోయింది సార్. రెండే తిప్పితే ఒకచోట రాసుకుంటుంది."

నవ్వులు ఆగిపోయాయి. ఆయన నా నల్లటి గోళ్ళ వైపు చూశాడు. కాగితం బోనెట్టు మీద పెట్టి సంతకం చేసి, బావకి ఇవ్వకుండా నా చేతికిచ్చాడు. ఆ కాగితం మీద ఏం రాసి ఉందో అప్పుడు నాకు కనిపించలేదు, కళ్ళ నిండా నీళ్ళు. ఈసారి ఏడుపు కాదది, పొంగిపోతే వచ్చిన నీళ్ళు. బావ కట్టు కట్టిన చేత్తోనే నా భుజం పట్టుకున్నాడు. నొప్పి పుట్టినా వదల్లేదు.

కారెక్కబోతుంటే వరసలోంచి ఓ పెద్దాయన తలపాగా తీసి చేతిలో పట్టుకుని వచ్చాడు. ఆయన కూడా అంబాసిడరే, మాకంటే పాతది. ఇందాక ఈల వేసిన గుంపులోనే నిలబడి ఉన్నాడు.

"తల్లీ, నా బండి హ్యాండ్ బ్రేకు సరిగా పట్టడంలే. ఇంకా నాలుగు బండ్ల తర్వాత నా వంతు. ఒకసారి చూస్తావా?"

బావ నా పట్టుచీర వైపు చూశాడు. నేను ఆ కారు వెనక చక్రం వైపు చూశాను. మర తిప్పే పనే అయితే నాలుగు బండ్ల సమయం ఎక్కువే. కుచ్చిళ్ళు పైకి దోపుకున్నాను.

"జాకీ యాడ పెట్టినావు బావా?" అన్నాను.